మూడో పలక

పాలు గోరువెచ్చగా అయ్యాయో లేదో చిటికెన వేలు ముంచి చూస్తున్నాను. ఇంకా వేడి తగ్గలేదు. రోహిణి కార్తె ఎండలకు బన్సీలాల్‌పేట్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో సాయంత్రం ఆరైనా ఏదీ తొందరగా చల్లారేది కాదు. గట్టు మీద చిన్న గిన్నెలో నిన్నటి పెరుగు ఒక చెంచాడు ఉంది. దాని మీద మూత బోర్లించి ఉంది.

“ఎంతసేపు ముంచుతవే ఆ వేలు? పాలు సల్లారకముందే నీ వేలు ఉడుకుతది,” అన్నది పెద్దమ్మ, వంటింటి గుమ్మంలో కూర్చొని చింతచిగురు ఏరుతూ.

“జెర ఆగు పెద్దమ్మా. గింత వేడి మీద తోడేస్తె ఇరుగుతది.”

“అబ్బో, చేర్యాల దిక్కు పాలు నాకు ఎరుకలేనట్టు!”

పెద్దమ్మ పేరు కమలాబాయి. మా అమ్మకు అక్క. చేర్యాల దగ్గర మా ఊళ్లో పదో తరగతి వరకు తెలుగులో చదివి, సిద్దిపేటలో డిగ్రీ చేసి, ఆ జనవరిలో బేగంపేటలో చిన్న ఉద్యోగం దొరికితే వాళ్లింటికి వచ్చాను. వచ్చిన నాటి నుంచి పాలు తోడుపెట్టడం నా పని.

“ఐదు నెలలాయె. ఆఫీసుల ఏం జేస్తవో ఒక్కనాడన్న జెప్పినవా?”

నాకు మాటలు తొందరగా రావు. చెంచాలో ఉన్న పెరుగును చూస్తూ చెప్పాను. “ఒక ప్రోగ్రాం ఉన్నది పెద్దమ్మా. దాన్ని తయారు జెయ్యాల్నంటె అదే ప్రోగ్రాం గావాలె. అది ముందుగాల లేకుంటె అది రాదు.”

పెద్దమ్మ చింతచిగురు పక్కన పెట్టి నా వైపు చూసింది. “గండ్ల ఇచ్చంత్రమేమున్నదే? పెరుగు గావాల్నంటె పెరుగు గావాలె. గిది జెప్పనీకె జీతమిస్తున్నరా?”

ముందు గదిలో మంచం కిర్రుమంది. పెద్దబాపు అటు తిరిగి పడుకున్నాడు. వింటున్నాడని తెలుసు.

పెద్దబాపు అంటే పెద్దమ్మ భర్త, పేరు బ్రహ్మచారి. కార్ఖానా అనే పేటలో తన దోస్తు వలి చాచాతో కలిసి ముప్పై ఒక్క ఏళ్లు లేత్ షెడ్డు నడిపాడు. ఇనుమును, ఇత్తడిని గిరగిర తిప్పుతూ చెక్కే మిషిన్లు రెండు ఉండేవి. ఉగాదికి ముందు వీళ్లు చేసి పంపిన ఇత్తడి బుష్షులను, అంటే ఇరుసు తిరిగే చిన్న గొట్టాలను, ఒక పంపుల కంపెనీ వాళ్లు అన్నీ వాపసు చేశారు. లోపలి రంధ్రాలు వెంట్రుకవాసి వదులుగా ఉన్నాయన్నారు. రంధ్రాలను సరిచూసే గేజ్, అంటే నునుపైన ఆ ఉక్కు కడ్డీ, పెద్దబాపు స్వయంగా చేసింది. దాన్ని సరిచూసే ఉంగరం కూడా ఆయన చేసిందే. కడ్డీ ఉంగరంలో సూదిలా దిగుతుంది, తప్పు నాది కాదన్నాడు. వలి చాచా వాదించకుండా రాణిగంజ్ వెళ్లి కొత్త గేజ్ కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టాడు.

“రాణిగంజ్ దుకాణపోడు నాకు కొలతలు నేర్పుతడా?” అని పెద్దబాపు ఆ పూటే ఇంటికి నడిచి వచ్చేశాడు. మళ్లీ పోలేదు. నూనె మరకల ఖాకీ చొక్కా మేకుకు వేలాడుతూ ఉండిపోయింది. గుమ్మం పక్కన చెప్పుల మీద దుమ్ము పేరుకుంది.

ఒక్కడితో షెడ్డు నడవదని వలి చాచా కబురు పంపాడు. బోనాల దాకా చూస్తానన్నాడు. ఆ తర్వాత షెడ్డు ఓనరుకు అప్పజెప్పి, మిషిన్లు అమ్మేస్తానన్నాడు. ఆ కబురు వచ్చిన రోజు పెద్దమ్మ పెద్దబాపును ఏమీ అడగలేదు. అన్నంలో ఉప్పు వేయడం మాత్రం మరిచిపోయింది.

బోనాలకు ఇంకా ఆరు వారాలు ఉన్నాయి.

*

నాకూ ఆ బోనాల ముందే ఒక గడువు ఉంది.

ఆఫీసులో మేం తొమ్మిది మందిమి. జిల్లా గ్రంథాలయాల్లో పుస్తకాల జాబితా చూపించే ప్రోగ్రాం మాది. ఆ గ్రంథాలయాల కంప్యూటర్లన్నీ ఒక ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టం మీద నడుస్తాయి. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూసుకోవచ్చు. ఊరూరా, దేశదేశాన ఉన్న వాళ్లు తమ తీరిక వేళల్లో దాన్ని నిలబెడుతున్నారు. అందులోకి ఏ కొత్త ప్రోగ్రాం చేరాలన్నా ప్యాకేజీగా కట్టి పంపాలి. సోర్స్ కోడ్ అనే దాని మూలపాఠం నుంచి, ఏమీ లేని ఖాళీ మిషిన్ మీద వాళ్లే మళ్లీ తయారు చేసి చూసుకుంటారు. ఆ నియమం నాకు చాలా నచ్చింది. తెచ్చిన వంటను తినమనకుండా, మీ వంటింట్లో మీరే వండి చూడండి అన్నట్టు ఉంటుంది.

మా ప్రోగ్రాం టాన్సీ అనే చిన్న భాషలో రాసి ఉంది. మనుషులు రాసినదాన్ని మిషిన్‌కు తెలిసే అంకెలుగా మార్చే కంపైలర్ ముందు చేరితేనే మా ప్రోగ్రాం చేరుతుంది. చిక్కంతా అక్కడే. టాన్సీ కంపైలర్‌ను టాన్సీలోనే రాశారు. దాన్ని తయారు చేయాలంటే టాన్సీ కంపైలరే కావాలి.

బోనాల లోపు దీన్ని చేర్పించే పని ఎవరూ తీసుకోకపోతే నేను తీసుకున్నాను. మీటింగుల్లో నోరు విప్పలేని నాకు ఉత్తరాల్లో జరిగే పని హాయిగా ఉండేది. రాతలో నా ఇంగ్లీషుకు గొంతు ఉండదు. ఎవరూ నవ్వరు.

మొదటిసారి కట్టిన ప్యాకేజీ నా కంప్యూటర్ మీద చక్కగా తయారైంది. పంపించాను. అక్కడ మొదటి అడుగులోనే ఆగిపోయింది. నా కంప్యూటర్లో ఆ కంపైలర్ ముందే ఉంది. అది ఉందన్న సంగతే నాకు గుర్తుకు రాలేదు.

పక్క సీటు దయాకర్ అన్న కుర్చీ తిప్పి చూశాడు. “ఏందీ నవతా, నీ మిషిన్ మీద అయ్యింది గానీ వాళ్ల దగ్గర కాలేదా?”

“అవునన్నా.”

“అయితె నీ మిషిన్‌నే పార్శిల్ జేసి పంపరాదు! ఊరికొకటి.”

నవ్వాను. మర్నాడు నేను చేసిన పని కూడా అంతకంటే గొప్పదేమీ కాదు. టాన్సీ వాళ్ల వెబ్‌సైటు నుంచి తయారుగా ఉన్న కంపైలర్ తెచ్చి, దాన్నే ప్యాకేజీలో పెట్టి పంపాను. ఖాళీ మిషిన్ మీద పని జరిగింది. రెండు రోజులకు, అక్కడ ప్యాకేజీలను సరిచూసే పరిశీలకురాలి జవాబు వచ్చింది.

‘ఈ ఫైలును ఎవరు చేశారు? దేనితో చేశారు? మూలం చూపకుండా ఒక తయారు వస్తువును నమ్మమని నేను ఎవరినీ అడగలేను.’

నేను ఆ కంపైలర్‌తో కంపైలర్‌ను తయారు చేశాను. వచ్చినదానితో మళ్లీ తయారు చేశాను. రెండూ చివరి అంకె దాకా ఒకేలా ఉన్నాయి. ఇంతకంటే రుజువేం కావాలని, కాస్త పొగరుగానే రాశాను.

ఆమె ఒక్క వాక్యం రాసింది. ‘అది తనతో తాను ఏకీభవిస్తోందని మాత్రమే దీనితో తెలిసింది.’

నాలుగు రోజులు నాకు ఆమె మీద కోపం పోలేదు.

*

మృగశిర వానలు షురూ అయిన వారంలో ఒక సాయంత్రం వలి చాచా వచ్చాడు. తడిసిన కాగితం పొట్లంలో అల్లనేరేడు పండ్లు తెచ్చాడు. గొడుగు బయట దులిపి, గుమ్మం పక్కన చెప్పులను వంగి చూసి, లోపలి గది పరదాకు వినపడేలా గట్టిగా అడిగాడు.

“ఏం వదినా, మీ ఆయన లేడా?”

“ఉన్నడు. ఉన్నా లేడు,” అన్నది పెద్దమ్మ.

“ఉన్నడని నాకు తెలుసులే. చెప్పులు ఈడనే ఉన్నయ్. గీ చెప్పుల మీద గింత దుమ్మున్నది, ఇత్తులేస్తె మొలుస్తయ్.”

పరదా కదలలేదు. చాచా కుర్చీని సరిగ్గా పరదాకు ఎదురుగా జరుపుకొని కూర్చున్నాడు. పొడుగ్గా, సన్నగా ఉంటాడు. వేళ్ల గోళ్ల చుట్టూ నల్లటి నూనె ఎప్పటికీ పోని రంగులా ఉంది.

“నువ్వు కంప్యూటర్ పిల్లవు గదా? దూప అయితుంది బిడ్డా, ఏమన్న ఇయ్యి.”

గిన్నెలో ఉన్న పెరుగంతా చిలికి, అల్లం, ఉప్పు వేసి పెద్ద గ్లాసు నిండా మజ్జిగ ఇచ్చాను. ఆయన సగం తాగి, మళ్లీ పరదాతో మాట్లాడాడు.

“చారీ, తుక్కోడు వచ్చి సూశిపోయిండు. మిషిన్లు సరే. మన మూడు ఇనుప పలకలు సుత తూకానికి అడుగుతున్నడు. ఉస్తాద్ దగ్గర మనం నెల రోజులు గీకిన పలకలు. చేతులు బొబ్బలెక్కి నువ్వు ఏడిస్తివి, యాదికున్నదా? ఇనుప ముక్కల లెక్కల వేస్తడంట.”

పెద్దమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“నేను తప్పు పట్టలే రా. కొలిచి సూద్దామన్న. గంతే అన్న. నువ్వు గేజ్ దిక్కు సూడకుండ నా మొఖం దిక్కు సూశినవ్.”

చొక్కా జేబులోంచి మైనపు కాగితంలో చుట్టిన చిన్న పొట్లం తీసి గూట్లో దేవుడి పటం పక్కన పెట్టాడు.

“వదినా, గీ కొత్త గేజ్ ఈడ ఉండనియ్యి. వాడు సూడకున్నా సరే. బోనాల తెల్లారి, సోమవారం, నేను తాళం ఇచ్చేస్త. నాతోటి గాదు ఇగ. తక్లీఫ్ అనుకోకు.”

“నీ తప్పేమున్నది వలీ,” అన్నది పెద్దమ్మ.

ఆయన పోయాక కూడా పెద్దబాపు బయటికి రాలేదు. అన్నానికి పిలిచినప్పుడు వచ్చి, నేరేడు పండ్ల పొట్లాన్ని ఇటు జరిపి కంచం పెట్టుకున్నాడు. తెల్లవారి చూస్తే ఆ పొట్లంలో గింజలే ఉన్నాయి.

పాలు కాచి చల్లార్చాక గానీ నా పొరపాటు నాకు తెలియలేదు. తోడుకు చెంచాడు పెరుగు కూడా మిగల్చలేదు.

“పక్కింట్ల అడిగొస్త పెద్దమ్మా.”

“ఈ వానల ఎవలింటికి పోతవే? ఆగు.” పెద్దమ్మ కూరగాయల బుట్టలోంచి నాలుగు పచ్చిమిరపకాయలు తీసి, తొడిమలు తుంచి, ఆ తొడిమలనే కడిగి, గోరువెచ్చని పాలల్లో వేసి మూత పెట్టింది. “మా అత్త జేస్తుండె. రేపటికి జిగట జిగట ఉంటది, తినరాదు. దాంతోటి రేపు తోడేస్తె ఎల్లుండికి జెర గట్టివడ్తది. మూడో దినానికి అసలు పెరుగు. తొందరవడొద్దు.”

అట్లాగే అయింది. మర్నాటి పెరుగు చెంచాకు తీగలు సాగింది. దయాకర్ అన్న నా టిఫిన్ డబ్బాలోకి తొంగిచూసి, “ఇదేందే, గమ్మా?” అన్నాడు. మూడో రోజు పెరుగు గిన్నె వంచినా జారలేదు.

*

ఆదివారం పొద్దున నల్లా వచ్చే వేళ. నేను గుమ్మం బయట బకెట్లు వరసగా పెట్టి, ఒక్కొక్కటే నింపుతున్నాను. పెద్దబాపు గడప మీద కూర్చొని కారుతోందని విప్పిన పాత నల్లా తలకాయకు దారం చుడుతున్నాడు.

“ఏందే, నాలుగైదు దినాలసంది మొఖం గట్ల పెట్టినవ్?”

ఉగాది తర్వాత ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. నేను నల్లా కింద బకెట్ మార్చడం కూడా మరిచిపోయి, జరిగిందంతా చెప్పాను. తనను తాను తయారు చేసుకునే ప్రోగ్రాం గురించి, పరిశీలకురాలి ఒక్క వాక్యం గురించి చెప్పాను.

“రెండూ ఒక్కతీరుగనే వచ్చినయ్ పెద్దబాపూ. ఆఖరి అంకె దాక. ఇంకేం గావాలె ఆమెకు?”

ఆయన దారం చుట్టడం ఆపి నవ్వాడు. ఆయన పళ్లు చూసి చాలా రోజులైంది.

“ఆమె పనిమంతురాలే. ఏదీ, నీ చెయ్యి ఇయ్యి.”

చెయ్యి తడిగా ఉంటే లంగాకు తుడుచుకొని ఇచ్చాను. ఆయన నా అరచేతిని దొప్పలా వంచాడు. తన చేతిని పిడికిలి చేసి, దాంట్లో పెట్టాడు. మొరటు చెయ్యి, నా చేతిలో సరిగ్గా ఇమిడింది.

“అతికినయా?”

“అతికినయ్.”

“మరి రెండు సాపుగున్నయా?”

లేవు. ఒకటి గుంత, ఒకటి బుడిపె.

“ఇనుప పలక సాపుగ జెయ్యాల్నంటె ఎట్ల జేస్తరు జెప్పు. సాపుగున్న ఇంకో పలక మీద నీలం రంగు పూసి, దీన్ని దాని మీద రుద్ది, రంగంటిన కాడ గీకుతరు. మరి ఆ మొదటి సాపు పలక ఏడికెళ్లి వచ్చె? మా ఉస్తాద్ మాకు మూడు వంకర పలకలిచ్చిండు. రెండియ్యలే. మూడు. ఒకటీ రెండూ రుద్దాలె, రెండూ మూడూ రుద్దాలె, మూడూ ఒకటీ రుద్దాలె.” ఆయన నా రెండో చేతిని కూడా తీసుకొని, దాన్ని కూడా పిడికిలి చేయించి, తన చేతి మీద ఆనించాడు. రెండు బుడిపెలు. మధ్యలో ఆనుకొని, అంచుల్లో గాలి ఆడింది. “సూశినవా? గుంతతోటి అతికింది బుడిపెతోటి అతుకది. మూడూ ఒకదానికొకటి అతికినయంటె సాపైతె తప్ప అతుకయ్. రెండే ఉంటె, తప్పు సుత ఒప్పు లెక్కనే కండ్లవడ్తది బిడ్డా. దానికిది సాక్ష్యం, దీనికది సాక్ష్యం. మూడోది వేరే కాడికెళ్లి రావాలె. వేరేటోడు...”

మాట అక్కడ ఆగింది.

ఆయన చెయ్యి ఇంకా నా చేతుల మధ్యే ఉంది. ఆయన చూపు మాత్రం నన్ను దాటి, ఇంట్లోకి, గూటి వైపు పోయింది. దేవుడి పటం పక్కన మైనపు కాగితం పొట్లం అట్లాగే ఉంది. నేను ఆయన ముఖాన్నే చూస్తున్నాను. ముఖంలో ఏమీ మారలేదు.

“బకెట్ నిండింది,” అన్నాడు.

నిండి, పొర్లి, నీళ్లు ఆయన చెప్పుల దాకా వచ్చాయి. దుమ్ము తడిసి బురదయింది. ఆయన చెప్పులు తీసి గోడకు ఆనించి నిలబెట్టాడు, ఆరడానికి.

*

మూడోది వేరే చోటి నుంచి రావాలి. సోమవారం బస్సులో కూర్చున్నంతసేపూ ఆ మాటే నా తలలో తిరిగింది. మిరపకాయ తొడిమలు కూడా తిరిగాయి.

టాన్సీ భాష పుట్టిన కొత్తలో, పన్నెండేళ్ల కింద, దాన్ని చేసినతను మొట్టమొదటి కంపైలర్‌ను టాన్సీలో రాసి ఉండడు. అప్పటికి టాన్సీయే లేదు కదా. పాత మూలపాఠాల్లో అడుగుదాకా వెదికితే దొరికింది. సీ అనే పాత భాషలో రాసినది, చిన్నది, సగం పనులు రానిది. ఎవరూ ముట్టక దుమ్ముపట్టింది. సీ కంపైలర్ ఆ ఆపరేటింగ్ సిస్టంలో ముందే ఉంది. దానితో దీన్ని తయారు చేయవచ్చు. అయితే ఇది ఇప్పటి టాన్సీని తయారు చేయలేదు. దాని తర్వాతిదాన్ని మాత్రం చేయగలదు. అది ఆ తర్వాతిదాన్ని. అట్లా ఐదు మెట్లు ఎక్కితే ఇప్పటిది వస్తుంది. జిగట పెరుగు, జెర గట్టిది, అసలు పెరుగు.

మూడో మెట్టు దగ్గర తొమ్మిది రోజులు ఆగిపోయాను. దయాకర్ అన్న జోకులు మానేసి తన పని అయిపోయాక నా పక్కన కూర్చునేవాడు. ఒకరోజు ఆయనే కనిపెట్టాడు, పన్నెండేళ్ల కిందటి ఆ ప్రోగ్రాం ఇప్పటి పెద్ద మెమరీని చూసి లెక్క తప్పుతోందని. దాన్ని సరిచేశాం. నాలుగు. ఐదు.

చివరికి, వెబ్‌సైటు నుంచి వచ్చిన కంపైలర్‌తో ఒకటి, మెట్లెక్కి వచ్చిన కంపైలర్‌తో ఒకటి, ఒకే మూలాన్ని తయారు చేయించాను. ఆ రెండింటితో మళ్లీ తయారు చేయించి, వచ్చినవి పక్కపక్కన పెట్టాను. ఒక్కచోట తేడా వచ్చింది. చూస్తే అది తయారైన వేళను ముద్రించుకునే చోటు. దాన్ని తీసేశాక, అతికాయి.

వెబ్‌సైటు ఫైలును ప్యాకేజీలోంచి తీసేసి, ఐదు మెట్లూ అందులో పెట్టి పంపాను. కొనుక్కొచ్చిన తోడు ఇక అక్కరలేదు. బోనాల ముందు శుక్రవారం పరిశీలకురాలు రాసింది. ‘స్వీకరించాను. ఆ మొదటి మెట్టును వెదికి తెచ్చినందుకు ధన్యవాదాలు.’ దయాకర్ అన్న మిర్చి బజ్జీలు తెప్పించాడు. నేను రెండు కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చాను.

*

ఆ సాయంత్రం పెద్దబాపు గడప మీద కూర్చొని బజ్జీ తింటూ అడిగాడు.

“అతికినయా?”

“అతికినయ్ పెద్దబాపూ. మూడో దారి నుంచి వచ్చింది సుత అతికింది.”

“మంచిది.” నమిలి మింగేదాకా ఆగాడు. “అతకకపోతె ఏం జేస్తుంటివి?”

“ఏం జేస్త? తప్పు ఏడున్నదో ఎతికి, సక్కగ జేసి, మళ్ల పంపుదును.”

“అంతమంది ముంగట?”

“అంతమంది ముంగటే. ఆడ ప్రతి ప్యాకేజీకి తప్పుల చిట్టా ఉంటది. ఎవలు తప్పు జేసిండ్రు, ఎవలు సూశిండ్రు, ఎవలు సక్కగ జేసిండ్రు అంత రాసి ఉంటది.”

“పేరుతోటా?”

“పేరుతోటే. నా పేరు మీద మూడున్నయ్ ఇప్పటికి.”

“సిగ్గుగాదా?”

నేను ఆలోచించాను. ఆయనను ఓదార్చాలని కాదు, నిజంగానే ఆలోచించాను. “మొదటిది రాసిననాడు అన్నం తినబుద్ధి కాలే. తర్వాత సూస్తె, పెద్ద పెద్దోళ్ల పేర్ల మీద వందలున్నయ్. తప్పులు లేనోళ్లు ఎవలంటె పని జెయ్యనోళ్లే.”

ఆయన కాగితాన్ని మడిచి, ఇంకా చిన్నగా మడిచి, వేళ్ల మధ్య ఉంచుకున్నాడు. పెద్దమ్మ లోపలి నుంచి, “ఇంకో బజ్జీ ఉన్నది, తింటవా?” అంటే, “పిల్లకియ్యి,” అన్నాడు.

ఆదివారం పెద్దమ్మా నేనూ బోనం ఎత్తుకొని పోయి, సాయంత్రానికి పసుపు ముఖాలతో వచ్చాం. ఆయన ఇంట్లో మంచం మీదే ఉన్నాడు. గూట్లో పొట్లం అక్కడే ఉంది. పెద్దమ్మ బోనం కుండ దించి, దాని వైపు ఒకసారి, మంచం వైపు ఒకసారి చూసింది.

*

సోమవారం పొద్దున దూరంగా ఇంకా డప్పులు వినిపిస్తున్నాయి. వీధంతా వేపాకు, గుగ్గిలం వాసన. ఆఫీసుకు సెలవు. నేను వంటింట్లో రాత్రి తోడుపెట్టిన పెరుగు మీద మూత తీసి, తోడుకు ముందుగా ఒక చెంచాడు వేరే గిన్నెలోకి తీస్తున్నాను. మజ్జిగ సంగతి తర్వాత అదే అలవాటు చేసుకున్నాను.

ముందు గదిలో మైనపు కాగితం విప్పుతున్న చప్పుడైంది.

పెద్దమ్మ పప్పు గుత్తి పట్టుకొని కదలకుండా నిలబడింది. వంటింటి గుమ్మంలోంచి మాకు ఆయన వీపు మాత్రమే కనిపిస్తోంది. తన పనిముట్ల పెట్టె తీశాడు. గుడ్డలో చుట్టిన తన ఉంగరాన్ని, తన కడ్డీని తీసి కిటికీ దగ్గర వెలుగులో పెట్టాడు. ముందు తన కడ్డీని ఉంగరంలో దించాడు. మెల్లగా, గాలిని తోసుకుంటూ దిగింది. తీసి పక్కన పెట్టాడు. పొట్లంలోని రాణిగంజ్ కడ్డీని తీసుకొని, అద్దాలు తుడుచుకొని, ఉంగరం మీద నిలిపి, వదిలాడు.

అది ఎక్కడా ఆగలేదు. ఉంగరంలోంచి జారి, బండ మీద ఠంగుమని పడింది.

ఆయన వంగి తీసుకున్నాడు. మళ్లీ వేశాడు. మళ్లీ అదే చప్పుడు. మూడోసారి వేయలేదు. వెలుగుకు ఎత్తి, ఉంగరం అంచును బొటనవేలితో చాలాసేపు తడిమాడు. ఎన్నేళ్లుగా అరుగుతూ వచ్చిందో, అరిగిన ఉంగరానికి సరిపడా ఎన్ని కొత్త కడ్డీలు చేసుకున్నాడో, వేలుకే తెలియాలి.

తర్వాత మూడింటినీ ఒకే గుడ్డలో చుట్టి సంచిలో వేశాడు. మేకు మీది ఖాకీ చొక్కా దులిపి తొడుక్కున్నాడు. గుండీలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు, పై గుండీ దాకా. గడప దాటి చెప్పులు వేసుకుంటుంటే, ఎండిన బురద పెళ్లలు రాలిన చప్పుడు మాకు వినిపించింది.

గోడ గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. వలి చాచా తాళం ఇచ్చేది పన్నెండింటికి.

ఏమైనా తిని పొమ్మని పిలవబోయాను. వెళ్లేవాణ్ని వెనక నుంచి పిలవకూడదని పెద్దమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చేతికి పప్పు వాసన. పెద్దబాపు వెనక్కి తిరగలేదు. సంచి భుజాన వేసుకొని, వేపాకులు పడ్డ వీధిలోకి దిగి, కార్ఖానా వైపు నడిచిపోయాడు.